గంగలకుర్రు మామ్మ పేరు

భోగికి ముందు రోజు సాయంత్రం. అంబాజీపేట దగ్గర, కౌశిక ఏటి ఒడ్డున మా ఊరు. పెరట్లో పొయ్యి మీద ఇత్తడి గిన్నెలో బెల్లం పాకం కుతకుతలాడుతోంది. పిన్ని కొబ్బరి మట్టలు ఎగదోస్తోంది. కొత్త బియ్యం నిన్న నానబోసి, పొద్దున వడగట్టి, మర పట్టించి తెచ్చారు. ఆ తడిపిండి ఆరిపోకుండా అత్త దాన్ని అరచేత్తో అదిమి గుడ్డ కప్పుతోంది. పొయ్యి పక్కన పీట మీద మామ్మ. ఎనభై దాటాయి. ముందు చల్లటి నీళ్ళ పళ్ళెం.

మామ్మ పాకం చుక్క ఒకటి నీళ్ళలో వేసి వేళ్ళతో దగ్గరికి తీస్తుంది. జారిపోతుంది. "ఇంకా లేత" అంటుంది. కాసేపటికి మరో చుక్క. ఈసారి వేళ్ళ మధ్య మెత్తగా ఉండ కట్టింది. "దింపండి, దింపండి! ఇంకాస్త ముదిరితే అరిసె రాయైపోద్ది."

పిన్ని, అత్త చెరోపక్కా పట్టుకుని గిన్నె దింపుతారు. నువ్వులు పడతాయి, నెయ్యి పడుతుంది. ఒకరు పిండి పోస్తుంటే ఒకరు తెడ్డుతో కలుపుతారు. చలిమిడి తయారవుతుంది. అన్నయ్య కూతురు, అమ్మడు, ఫోన్ పట్టుకుని ఆ పక్కనే గొంతుక్కూర్చుంది. హైదరాబాదులో చదువుకుంటోంది, పదమూడేళ్ళు.

"ఎన్ని నిమిషాలు మరగాలి తాతమ్మా?"

"నిమిషాలెవరు చూశారే తల్లీ. బెల్లాన్ని బట్టి ఉంటాది."

"బెల్లం ఎంత?"

"మానికెడు బియ్యానికి మూడు సోలలు."

అమ్మడుకి మానిక తెలియదు, సోల తెలియదు. తెలిసే వీలూ లేదు. 1956 చట్టంతో మెట్రిక్ తూనికలు, కొలతలు వచ్చాక ఆ పాత్రలు బజారు వదిలి వంటింటి మూలల్లోకి చేరాయి. మామ్మ కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి మానిక మాత్రం ఇంకా బియ్యం డబ్బాలోనే ఉంది. అమ్మడు దాన్ని తెచ్చి, తలకొట్టుగా బియ్యం పోసి, వంటింటి త్రాసు మీద తూచి గ్రాములు రాసుకుంటుంది. నలుగురి చేత నాలుగు సార్లు కొలిపించి నాలుగు అంకెలూ రాసింది. మామ్మ చెయ్యి ఎంత పోస్తుందో తేలితేనే ఆ అరిసె రేపు ఇంకో ఊళ్ళో, ఇంకో పొయ్యి మీద వస్తుంది.

మామ్మని తీరిగ్గా కుర్చీలో కూర్చోబెట్టి పాత రోజుల గురించి చెప్పమంటే "ఏముందే చెప్పడానికి" అని లేచిపోతుంది. చేతిలో చలిమిడి ఉండ ఉన్నప్పుడు మాత్రం మాట దానంతటదే వస్తుంది. అరటాకు మీద అరిసె తట్టి నూనెలోకి జారవిడుస్తూ అంటుంది: "గంగలకుర్రు మామ్మగారు గసగసాలు వెయ్యనిచ్చేవారు కాదంట. నువ్వులే. మా అత్తగారు చెప్పేది."

"గంగలకుర్రు మామ్మ ఎవరు?"

"మీ ముత్తాతకి నాన్నమ్మ."

"పేరేంటి?"

మామ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. "గంగలకుర్రు మామ్మగారేనే. నేను కాపురానికొచ్చేసరికే పోయారు. మా అత్తగారు ఆవిడ పేరెప్పుడూ అనలేదు. అత్తగారి పేరు ఎవరంటారు?"

నూనెలోంచి తీసిన అరిసెని పిన్ని చెక్కల మధ్య పెట్టి నొక్కుతుంది. నూనె చుక్కలు చుక్కలుగా కారుతుంది. అమ్మడు నోటుబుక్కులో ఒక పెట్టె గీసి, లోపల ఏమీ రాయకుండా వదిలి, కింద 'గంగలకుర్రు' అని రాసుకుంటుంది. మా గోదావరి జిల్లాల్లో ఏ ఇంటికి వెళ్ళినా ఇలాంటి ఖాళీ పెట్టెలే దొరుకుతాయి. కోడలు వచ్చిన ఊరు గుర్తుంటుంది, ఆ ఊరి పేరుతోనే తరాలు పిలుస్తాయి. తల్లి పెట్టుకున్న పేరు మాత్రం రెండు తరాల్లో మాయమైపోతుంది.

తెల్లవారుజామున నాలుగింటికి వీధిలో భోగి మంట. మంచు చెట్ల మీద నుంచి చుక్కలుగా పడుతోంది. పిల్లలు నెల రోజులుగా ఎండబెట్టిన పిడకల దండలు మెళ్ళో వేసుకుని వస్తున్నారు. తాటి దుంగ అంటుకుంది. కుర్రాళ్ళు అటక మీద నుంచి పాత సామాను దింపుతున్నారు: విరిగిన పీట, చిల్లుపడ్డ చేట, కాలు లేని కుర్చీ, ఒక గుడ్డ మూట. కుర్చీ మంటలో పడింది. మూట అందుకున్న చెయ్యి గాల్లోకి లేచింది.

"ఆగండి. విప్పి చూద్దాం" అంటుంది అమ్మడు.

భోగి మంట దగ్గర ప్రతి ఇంటికీ ఈ నిమిషం ఒకటి ఉంటుంది. పాతది పోవాలి, కొత్తది రావాలి, పండగ చెప్పేది అదే. విరిగిన పీట పోతే నష్టం లేదు. కాగితాలు వేరు. ఇంట్లో కాగితాలకి చెద, వాన, నిప్పు ముగ్గురు శత్రువులు. మా ఊళ్ళో వానే చాలా ఇళ్ళ గతాన్ని పట్టుకుపోయింది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది, పెంకుటిళ్ళ కప్పులు లేపేసింది, వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. మా గోడ మీది ఫోటోలు ఆ రాత్రి తడిసి అద్దాలకి అంటుకుపోయాయి. ఈ మూట ఇనప్పెట్టెలో ఉండబట్టి మిగిలింది. ఇల్లు బాగుచేశాక అటకెక్కింది. మళ్ళీ ఎవరూ దించలేదు.

మంటకి దూరంగా, అరుగు మీద దీపం వెలుతురులో మూట విప్పుతారు. లోపల పోస్టుకార్డులు, పసుపు అంటిన శుభలేఖలు, పన్ను రసీదులు, అంచులు పెళుసెక్కిన స్టాంపు కాగితం ఒకటి. కాగితం మీద అయిదో జార్జి తల. పెదనాన్న కళ్ళజోడు తెచ్చుకుని గొలుసుకట్టు రాతని కూడబలుక్కుంటూ చదువుతాడు. 1931. క్రయ దస్తావేజు. ఫలానా గ్రామ వాస్తవ్యులు ఫలానా వారి భార్య, గంగలకుర్రు కాపురస్తులు ఫలానా వారి కుమార్తె, తనకు పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమిని అమ్ముతూ రాసి ఇచ్చినది. తర్వాత నాలుగు హద్దులు, ఏ దిక్కున ఎవరి పొలమో వాళ్ళ పేర్లతో సహా. అడుగున నల్లటి వేలిముద్ర. ముద్ర పక్కన రాయసగాడి అక్షరాల్లో ఆవిడ పేరు.

పెదనాన్న ఆ పేరు పైకి చదువుతాడు. అందరూ ఒకసారి మామ్మ వైపు చూస్తారు. మామ్మ ఆ పేరుని పెదవుల మీద రెండుసార్లు అనుకుని, "ఈవిడేనా!" అంటుంది. అమ్మడు నోటుబుక్కు తెరిచి ఖాళీ పెట్టెలో ఆ పేరు రాస్తుంది. పైన ఇంకో పెట్టె గీసి ఆవిడ తండ్రి పేరు రాస్తుంది. గంగలకుర్రులో మా ఇంటికి ఇంకో వేరు ఉందని ఆ కాగితం చెప్పింది.

పాత దస్తావేజుని చాలామంది భూమి కాగితంగానే చూస్తారు. చదివితే అందులో తండ్రి పేరు, ఊరు, వృత్తి, పక్క పొలాల వాళ్ళు, సాక్షులు, సంతకం చేసినవాళ్ళెవరో వేలిముద్ర వేసినవాళ్ళెవరో, అన్నీ ఉంటాయి. ఇంటి ఆడవాళ్ళ పూర్తి పేరు మరెక్కడా దొరకనప్పుడు పసుపు కుంకుమ భూమి కాగితంలో దొరుకుతుంది. భూమి ఎప్పుడో చేతులు మారిపోయినా ఆ కాగితాన్ని దాచుకోవాలి.

భోగి సాయంత్రం. చావిట్లో చాప మీద చెల్లి కొడుకు, రెండేళ్ళవాడు, కొత్త చొక్కాతో భోగిపళ్ళకి కూర్చున్నాడు. పళ్ళెంలో రేగుపళ్ళు, చెరకు ముక్కలు, బంతి రేకలు, నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు. మామ్మ కొంగుముడి విప్పి అందులోంచి ఒక చిల్లు కాణీ తీసి పళ్ళెంలో వేస్తుంది. 1943 నుంచి 1947 దాకా ముద్రించిన కంచు నాణెం, మధ్యలో గుండ్రటి చిల్లు. పెదనాన్న తల మీద పోసిందదే, మా నాన్న తల మీద పోసిందదే, నా మీద, అమ్మడు మీద, ఇప్పుడు వీడి మీద. దిష్టి తీసి పోయగానే పిల్లలంతా చిల్లర కోసం ఎగబడతారు. చిల్లు కాణీ ఎవరికి దొరికినా మళ్ళీ మామ్మకిచ్చి, బదులుగా పది రూపాయల నోటు పుచ్చుకోవాలి. అది మా ఇంటి కట్టు.

ముత్తయిదువలు పసుపు కుంకుమలు తీసుకుని వెళ్ళాక మామ్మ గోడకి చేరగిలబడుతుంది. అమ్మడు ఫోన్‌ని ఆవిడ మోకాలి దగ్గర పెట్టి రికార్డింగ్ నొక్కుతుంది.

"నువ్వు ఏ సంవత్సరంలో పుట్టావు తాతమ్మా?"

"చిత్రభాను."

అమ్మడు వెతుకుతుంది. తెలుగు సంవత్సరాలు అరవై, తిరిగి తిరిగి వస్తాయి. చిత్రభాను 1942 ఉగాదికి వచ్చింది, మళ్ళీ 2002లో వచ్చింది. "1942 అన్నమాట."

"రంగం నుంచి జనం నడిచొచ్చారు చూడూ, ఆ ఏడు" అంటుంది మామ్మ.

రంగం అంటే రంగూన్. కాకినాడ రేవు నుంచి ఓడెక్కి గోదావరి జిల్లాల నుంచీ విశాఖ వైపు నుంచీ తరతరాలుగా కూలికి, రేవు పనికి, బియ్యం మిల్లుల పనికి పోయిన ఊరు. అక్కడివాళ్ళు మనవాళ్ళని కోరంగీలనేవారు, మన కోరంగి రేవు పేరు మీద. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో ఊరు వాళ్ళ చేతికి పోయింది. లక్షల మంది భారతీయులు అడవులు, కొండలు పట్టుకుని కాలినడకన అరకాను మీదుగా, మణిపూరు మీదుగా ఇటు మళ్ళారు. దారిలో ఆకలితో, జ్వరాలతో ఎందరో పోయారు.

"మీ ముత్తాత బాబాయి కూడా ఆ ఏడే వచ్చాడంట. కాళ్ళు వాచిపోయి, గుమ్మంలో నిలబడితే కన్నతల్లే పోల్చుకోలేదంట. మా అత్తగారు చెప్పేది."

"కన్నతల్లి అంటే?"

"ఇంకెవరే, గంగలకుర్రు మామ్మగారు."

చావిట్లో కాసేపు ఎవరూ మాట్లాడరు. చిన్నకొడుకు రంగం వెళ్ళింది ఎప్పుడని పెదనాన్న అడుగుతాడు. మామ్మకి ఏడాది తెలియదు. "ఓడ ఖర్చుకి వాళ్ళమ్మ పొలం అమ్మిందని మీ తాత అనేవాడు" అంటుంది. పొద్దున చూసిన కాగితం 1931 నాటిది. ఆ అమ్మకమూ ఈ ప్రయాణమూ ఒకటేనని కాగితంలో రాసి లేదు. అమ్మడు రెండూ రాసుకుని, కాగితం చెప్పినదాని పక్కన 'దస్తావేజు' అని, మామ్మ చెప్పినదాని పక్కన 'తాతమ్మ మాట' అని వేరువేరుగా గుర్తు పెడుతుంది. ఎవరు చెప్పారో రాసి ఉంటే, రేపు ఇంకో కాగితం దొరికినప్పుడు సరిపోల్చుకోవచ్చు.

తేదీలు తెలియని మనిషి దగ్గర కాలం ఉండదనుకోకూడదు. మామ్మ దగ్గర కాలం సంఘటనలుగా ఉంది. గోదారి పొంగింది విజయ, అంటే 1953. పెళ్ళయింది అణాలు పోయి నయాపైసలు వచ్చిన ఏడు, అంటే 1957. పెద్ద మనవడి అన్నప్రాసన మళ్ళీ వరదొచ్చిన ఏడు, 1986. ఏ ఏడని అడిగితే ఆవిడ తడబడుతుంది. అప్పుడు వరద ముందా, తర్వాతా అని అడిగితే ఠక్కున చెబుతుంది. పెద్దవాళ్ళని అడగాల్సిన తీరు అదే.

సంక్రాంతి పొద్దున. వాకిట్లో రథం ముగ్గు, గుమ్మడి పూలు గుచ్చిన గొబ్బెమ్మలు. తల మీద అక్షయపాత్ర, చేతిలో చిరతలతో హరిదాసు వచ్చి వెళ్ళాడు. పిల్లలు దోసిళ్ళతో బియ్యం పోశారు. లోపల పెద్దలకు పెట్టుకునే వేళయింది. తూర్పు గదిలో పీట మీద కొత్త పంచెలు, కొత్త చీరలు. ముందు అరిటాకులు. ఆకుల్లో గుమ్మడికాయ పులుసు, గారెలు, పరమాన్నం, మొన్నటి అరిసెలు. సాంబ్రాణి పొగ.

పెదనాన్న నువ్వులు, నీళ్ళు చేతిలోకి తీసుకుంటాడు. తండ్రి వసు రూపం, తాత రుద్ర రూపం, ముత్తాత ఆదిత్య రూపం. పంతులుగారు అడుగుతున్న కొద్దీ గోత్రం, ఒక్కొక్క పేరూ చెబుతాడు. మూడు తరాలతో ఆగుతుంది. తర్పణంలో తల్లికీ, నాన్నమ్మకీ, ఆవిడ అత్తగారికీ కూడా చోటుంది. పేర్లు తెలియాలి, అంతే. ఇన్నేళ్ళూ మా ఇంట్లో ఆ చోట "పెద్దలందరికీ" అని చీర తాకించి దణ్ణం పెట్టేవారు. ఇవాళ పెదనాన్న ఆగి అమ్మడు వైపు చూస్తాడు. అమ్మడు నోటుబుక్కు చూసి చెబుతుంది. గంగలకుర్రు మామ్మ పేరు మా ఇంటి గదిలో, మా నోటితో, నీళ్ళతో పాటు వదిలిన మొదటి సంక్రాంతి ఇది.

ఆ ఆచారంలోని లెక్క ఒకసారి ఆలోచించండి. ఇంట్లో ఒక పెద్ద దిక్కు పోయిన ప్రతిసారీ వరస ఒక మెట్టు జరుగుతుంది. నిన్నటి తాత రేపటి ముత్తాత అవుతాడు, నిన్నటి ముత్తాత వరసలోంచి తప్పుకుంటాడు. మూడు తరాలని పలికే బాధ్యత పండగ తీసుకుంది. నాలుగో తరం నుంచి రాసుకునే బాధ్యత మనది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద ఫోటోలు పరిచారు. ఎండ పడని చోట, వెలుతురు బాగా ఉన్న చోట. అమ్మడు ఫ్లాష్ లేకుండా ఒక్కొక్కటీ నిటారుగా ఫోన్‌తో తీస్తోంది, ముందువైపు ఒకసారి, వెనకవైపు రాత ఉంటే ఇంకోసారి. జిగురు పేజీల ప్లాస్టిక్ ఆల్బములో పెట్టినవి అంటుకుపోయి పసుపెక్కాయి. వాటిని పీకితే బొమ్మ చిరుగుతుంది కాబట్టి పేజీతో సహా తీస్తోంది. మామ్మ పెళ్ళి ఫోటోలో ఎడమ నుంచి వరసగా వేలు పెడుతుంది: "ఇది మా మేనత్త. ఇతను పెళ్ళికొడుకు తరఫు, పేరు తెలీదు. ఈ పిల్ల మా చెల్లి, పోయింది." పిన్ని ఫోటో వెనక పెన్సిల్‌తో, నొక్కకుండా, పేర్లు రాస్తుంది. బాల్‌పెన్ అయితే ఒత్తు ముందుకి తేలుతుంది, సిరా ఊరుతుంది. పోయిన చెల్లెలి దగ్గర మామ్మ వేలు చాలాసేపు ఉండిపోతే, ఎవరూ తొందర పెట్టరు. ఫోన్ అలాగే రికార్డు చేస్తూ ఉంటుంది.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. మా దగ్గర మాత్రం ఆ రోజు ఊళ్ళకి ఊళ్ళే కదులుతాయి. గారెలు తిని, పశువులకి పసుపు కుంకుమ పెట్టి, మధ్యాహ్నానికి మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకి బయల్దేరతాం. పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు ప్రభలు, ఏకాదశ రుద్రులు, ఒక కొబ్బరి తోటలో కలిసే తీర్థం. నాలుగు వందల ఏళ్ళ నాటిదని చెప్పుకుంటారు. 2023 రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ వీధిలో నడిచింది ఈ తీర్థమే.

కౌశిక గట్టు మీద ఇసుక వేస్తే రాలనంత జనం. వెదురు బద్దల కట్టుకి రంగుబట్టలు చుట్టి, వరి కంకులు కట్టిన ప్రభ, కుర్రాళ్ళ భుజాల మీద పచ్చటి చేలో దిగుతుంది. చేను తొక్కినా రైతు ఏమనడు, ప్రభ నడిచిన చేను పండుతుందని నమ్మకం. "శరభా! అశ్శరభా!" కేకలు. డప్పులు. ప్రభ నీళ్ళలోకి దిగుతుంది. మోసేవాళ్ళకి నడుముల దాకా, మెడల దాకా నీళ్ళు. ఒక పక్కకి ఒరుగుతుంది, జనం ఊపిరి బిగబడుతుంది, భుజాలు సర్దుకుంటాయి, మళ్ళీ నిలబడుతుంది.

"ఇది ఏ ఊరిది?" అమ్మడు నా చెవిలో అరుస్తుంది.

"గంగలకుర్రు. చెన్నమల్లేశ్వరుడు."

అమ్మడు ఒక్క గెంతులో గట్టు అంచుకి వెళ్ళిపోతుంది. మొన్నటిదాకా ఈ పదకొండూ దానికి ఒకే తీరు ప్రభలు. ఇప్పుడు ఒకటి తన ముత్తాత నాన్నమ్మ పుట్టింటిది. ఆవిడ చిన్నపిల్లగా ఈ గట్టు మీద నిలబడి తన ఊరి ప్రభ కోసం చూసే ఉంటుంది. పక్కన ప్రభతో వచ్చిన గంగలకుర్రు పెద్దాయన ఒకాయన్ని అమ్మడు పట్టుకుంది. "తాతగారూ, మీ ఊళ్ళో ఫలానా ఇంటిపేరు వాళ్ళున్నారాండీ?" ఆయన చెవి వంచి విని, "ఆయ్, ఉన్నారమ్మా. చెరువు గట్టున రెండిళ్ళు. ఎవరమ్మాయివి?" అంటాడు. డప్పుల మధ్య ఆ జవాబు చెప్పడానికి అమ్మడుకి చాలాసేపు పట్టింది, నాలుగు తరాలు పేర్లతో సహా చెప్పాలి కదా.

ముక్కనుమ పొద్దున కార్ల డిక్కీల్లో అరిసెల డబ్బాలు, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు సర్దుతున్నారు. నోటుబుక్కు పేజీల నకళ్ళు మూడు ఇళ్ళకి పోతున్నాయి: హైదరాబాదు, విశాఖపట్నం, డాలస్. అసలు నోటుబుక్కు, దస్తావేజు మామ్మ దగ్గరే ఇనప్పెట్టెలో ఉంటాయి, ఉతికిన నూలుబట్టలో చుట్టి. వరదకీ తుపానుకీ ఒక ఊరు లోబడవచ్చు, మూడు ఊళ్ళు ఒకేసారి లోబడవు.

నోటుబుక్కులో ఇంకా పదిహేడు పెట్టెలు ఖాళీగా ఉన్నాయి. అమ్మడు వాటిని అరుగు మీదే పంచింది. రంగం వెళ్ళొచ్చిన బాబాయి భార్య పుట్టిల్లు పిన్ని కనుక్కోవాలి. గంగలకుర్రు చెరువు గట్టు ఇళ్ళకి పెదనాన్న వచ్చే వారం వెళ్ళాలి. మామ్మ తల్లి పేరు అందరికీ తెలుసు, ఆవిడ తల్లి పేరు మామ్మ ఒక్కదానికే తెలుసు. దాన్ని అప్పటికప్పుడు రాయించారు. 2027లో గోదావరి పుష్కరాలు. అప్పుడు రేవులో పిండాలు పెట్టే వేళకి ఏ పెట్టె ఖాళీగా ఉండకూడదని గడువు.

మీ ఇంట్లోనూ పండగకి అందరూ వస్తారు. చెప్పగలవాళ్ళు, వినాల్సినవాళ్ళు, పాత కాగితాలు ఒకే కప్పు కింద ఉండేది ఆ మూడు నాలుగు రోజులే. వంట సాగుతుండగానే అడగండి. మూట మంటలో పడకముందే విప్పండి. చెప్పినవాళ్ళ పేరుతో సహా రాయండి. మొదట అడగాల్సింది ఇంట్లో అందరికంటే పెద్ద ఆడమనిషిని, అడగాల్సిన మొదటి ప్రశ్న ఆవిడ అమ్మమ్మ పేరు.